కుదురు

చేతుల కట్టు విప్పుతున్నంతసేపూ నూకరత్నం కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. ఆఖరి గుడ్డ చుట్ట ఊడి ట్రేలో పడ్డాక కూడా తెరవలేదు.

"ఒక్కసారి చూసుకోమ్మా," అన్నాడు సర్జన్ మస్తాన్.

"సూడలేను బాబూ. ముందు మీరు సెప్పండి, ఎలగున్నాయో."

మస్తాన్ జవాబు చెప్పకుండా పక్కకి తప్పుకుని, వెనక నిలబడ్డ శర్మిష్ఠకి చోటిచ్చాడు. శర్మిష్ఠ వైద్యం చేసే డాక్టరు కాదు. కాలిన గాయాలకు పేరుపడ్డ ఆ విశాఖపట్నం ఆసుపత్రిలోనే, పై అంతస్తు ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి చర్మం పెంచుతున్న శాస్త్రవేత్త. ఆవిడ గ్లాసులోంచి ఒక ఐసుముక్క తీసి, మాటా పలుకూ లేకుండా నూకరత్నం అరచేతిలో పెట్టింది.

నూకరత్నం ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"సల్లగా ఉంది! అమ్మా, సల్లగా ఉందమ్మా! నా సేతికి తెలస్తంది!"

రామకృష్ణా బీచికి వెళ్ళే దారిలో ఆమెకి టిఫిన్ బండి ఉండేది. ఒకరోజు పెసరట్టు తిరగేస్తుండగా గ్యాసు సిలిండరు పేలింది. రెండు చేతులూ మోచేతుల దాకా, మెడ, గుండెల పైభాగం కాలిపోయాయి. ఇప్పుడు ఆ కాలిన చోటంతా లేత గులాబీ రంగులో నున్నగా మెరుస్తోంది. ఎక్కడా మచ్చ లేదు, మడత లేదు, అతుకు వేసిన గీత కూడా లేదు. ఆమె పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ కూతురు లిఖితని దగ్గరికి లాక్కుని, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

"ఎంట్రుకలు ఒక్కొక్కటీ తెలస్తన్నాయే," అని ఏడవడం మొదలుపెట్టింది.

కాసేపటికి తేరుకుని, తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంటూ అడిగింది. "ఇది ఎవరి సర్మం మేడమ్?"

"ప్రయోగశాలలో పెంచాం," అంది శర్మిష్ఠ.

"ఇత్తనం లేకుండా ఏదీ పెరగదు గదా. ముందు ఎవుల్దో ఒకల్ది ఉండాల గదా."

"ఇప్పుడు నీదే," అంది శర్మిష్ఠ. ఆ మాట అంటూ ఆవిడ నూకరత్నం చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. పరీక్ష కోసమే అనుకున్నారు అందరూ. పరీక్షకి అంతసేపు అక్కర్లేదని మస్తాన్‌కి ఒక్కడికే అనిపించింది.

అంతవరకూ బాగా కాలినవాళ్ళకి వేస్తూ వచ్చింది పైచర్మమే. కాలని చోటి నుంచి కాగితమంత పల్చగా గీసి తెచ్చి అతికించేవాళ్ళు. పైచర్మం గోడకు వేసిన సున్నం లాంటిది. గోడ దాని కింద ఉంటుంది. నులక మంచం అల్లినట్టు ఒకదానిలోకి ఒకటి దూరిన గట్టి పోగులు, లాగితే సాగి వదిలితే వెనక్కి వచ్చే మరో రకం పోగులు, వాటి మధ్య సన్నని రక్తనాళాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు, వేడినీ చల్లదనాన్నీ నొప్పినీ వేరువేరుగా పసిగట్టే నరాల కొసలు, ఇవన్నీ ఆ లోపలి పొరలోనే ఉంటాయి. అది కాలిపోయాక పైన ఏది అతికించినా బిగుసుకుపోతుంది. వేళ్ళు ముడుచుకుపోతాయి. చెమట పట్టదు. పిల్లల బుగ్గ ముట్టుకున్నా గోడ ముట్టుకున్నా ఒకటే. పైగా పైపొర ఎలా ఉండాలో చెప్పేది కూడా లోపలి పొరే. ఇక్కడ అరచేయిలా గట్టిపడు, ఇక్కడ బుగ్గలా మెత్తగా ఉండు అని పైపొరకి నేర్పేది అదే. శర్మిష్ఠ ఆ లోపలి పొరని పెంచగలిగింది. నీళ్ళకుండ ఒరిగిపోకుండా కింద పెట్టే చుట్టని తలుచుకుని, దానికి కుదురు అని పేరు పెట్టింది.

ఆ విత్తనం ఎక్కడిదో ప్రయోగశాలలో శర్మిష్ఠకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికి కొన్నేళ్ళ ముందు ఆవిడకి ఆరో నెలలోనే కాన్పు అయింది. పుట్టిన ఆడపిల్ల తెల్లారేదాకా కూడా బతకలేదు. పొద్దున్నే భర్త త్రినాథ్ ఆ చిన్న మూటని తీసుకుని శ్మశానానికి వెళ్ళాడు. అంతకు ముందే శర్మిష్ఠ అడిగితే, పాప తొడ మీది నుంచి గోరంత చర్మం తీసి ఇచ్చింది కాన్పు చేసిన డాక్టరు. ఎందుకు పోయిందో పరీక్ష చేయడానికని త్రినాథ్‌కి చెప్పారు. అతను తలూపాడు.

శర్మిష్ఠ మొదట పరీక్ష కోసమనే అడిగింది. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ గాజుపళ్ళెంలో ఆ కణాలు చావకుండా పెరుగుతుంటే పారబోయలేకపోయింది. కడుపులో ఉన్న బిడ్డకి గాయమైతే మచ్చ పడకుండా మానుతుందని ఆవిడ చదువుకుంది. ఆ వయసు చర్మాన్ని ఎదుటి ఒళ్ళు పరాయిదని తోసెయ్యదని కూడా ప్రయోగాల్లో తేలింది. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని చర్మం తన చేతిలో ఉంది. దాంతో కాలిపోయిన మనుషులు బాగుపడతారు. పాప కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ రెండింటిలో ఏది ముందు అనుకుందో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకి తేలలేదు.

త్రినాథ్ పోర్టులో టగ్గు నడుపుతాడు. పెద్ద పెద్ద ఓడలకి మోకు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చే చిన్న పడవ అది. తక్కువ మాట్లాడతాడు. కుదురు గురించి పేపర్లో వచ్చినప్పుడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పడవలో అందరికీ చూపించాడు. ఒక్కసారి మాత్రం, అన్నం తింటూ తలెత్తకుండానే అడిగాడు.

"ఆవేళ పరీక్షకని తీసిన ముక్క ఏమైంది శర్మీ?"

"పరీక్షలోనే అయిపోయింది."

"ఏం తేలింది?"

"ఏం తేలలేదు."

అతను మజ్జిగ పోసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నాలుగేళ్ళు గడిచేసరికి నూటికి పైగా మనుషుల ఒంటి మీదికి కుదురు చేరింది. వాళ్ళు చూపించుకోవడానికి వచ్చిన రోజుల్లో శర్మిష్ఠ కిందికి దిగి వచ్చేది. కొందరి భుజం నిమిరేది, కొందరి చేయి పట్టుకునేది. పాపకి వెంట్రుకలు వచ్చే వయసు, పళ్ళు వచ్చే వయసు, నడక వచ్చే వయసు, అన్నీ ఆవిడ మనసులోనే దాటిపోయాయి. ఎవరితోనూ ఆ సంగతి చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడం అలవాటైపోయి, చెప్పవలసిన విషయమన్న సంగతే మరిచిపోయింది.

నూకరత్నం మళ్ళీ బండి పెట్టుకుంది. ఒక వేసవిలో పైటతో మెడ తుడుచుకుంటూ వచ్చి కూచుంది.

"సెమట పడతలేదు మేడమ్. ఒళ్ళంతా కారిపోతంది గానీ సేతులకి, మెడకి సుక్క రాదు. పిండి కలిపితే ఉప్పురాయి తగిలినా తెలస్తలేదు. నిన్న పెనం అంచు మీద సెయ్యి పెట్టీసినాను. వాసనొచ్చినాక తీసినాను."

శర్మిష్ఠ ఆ చేయి పట్టుకుంది. వదిలేసి, మళ్ళీ పట్టుకుంది. లేతదనం పైపైనే ఉంది. నొక్కితే లోపల తోలు చెప్పులా తగిలింది.

ఆ సాయంత్రం చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టుకుంది. పోగులు దారాల్లా ఉండవలసిన చోట మోకుల్లా ఉన్నాయి. వాటి మధ్య చెమట గ్రంథులు నలిగిపోయాయి. నరాల కొసలు ఊపిరాడని చెట్టు వేళ్ళలా ఎండిపోయాయి. అది జబ్బు కాదు. అందులో చెడిపోయిన కణం ఒక్కటీ లేదు. అన్నీ ఆరోగ్యంగా, పనిలో మునిగి ఉన్నాయి. పిండం చర్మానికి పెరగడం ఒక్కటే తెలుసు. బిడ్డ ఒళ్ళు సాగుతుంటే దానితోపాటు సాగేది. ఎదిగిపోయిన మనుషుల ఒళ్ళు సాగదు. వెడల్పుకి చోటు దొరక్క అది లోతుకి పెరుగుతోంది. మొదటి రోజు నుంచీ పెరుగుతూనే ఉంది. చేతికి తగిలేంత అవడానికి ఇన్నాళ్ళు పట్టింది, అంతే.

శర్మిష్ఠకి ముందు కలిగింది భయం కాదు. నా బిడ్డ పెద్దదవుతోంది అనుకుంది. భయం ఆ తర్వాత వచ్చింది.

దీనికి మందు లేకపోలేదు. కుదురుని మనుషులకి వేసే ముందు మస్తాన్ పట్టుబట్టి ఒక ఏర్పాటు చేయించాడు. పరాయి కణాన్ని ఒంట్లోకి వదిలితే దాన్ని ఆపే దారి కూడా మన చేతిలో ఉండాలన్నాడు. ఆ కణాల్లో శర్మిష్ఠ ఒక గొళ్ళెం అమర్చింది. మామూలు మనుషులకి ఏ హానీ చేయని ఒక మందు రక్తంలోకి ఎక్కిస్తే ఆ గొళ్ళెం ఊడిపోతుంది. కుదురు కణాలు మాత్రమే, ఒక్కటి కూడా మిగలకుండా చచ్చిపోతాయి. వేసిన చర్మమంతా ఊడి వచ్చేస్తుంది. మనిషి మళ్ళీ పచ్చిపుండుతో మిగులుతాడు. దాని మీద తొడ నుంచి గీసిన పల్చటి పైచర్మం అతికించుకోవాలి, మచ్చలతో, ముడుచుకున్న వేళ్ళతో బతకాలి. కానీ బతుకుతాడు.

కుదురు ఇంకా పెరుగుతోందన్న మాట శర్మిష్ఠ మస్తాన్‌కి చెప్పలేదు. పెరుగుదలని చంపకుండా నెమ్మది చేసే మందు దొరుకుతుందనుకుంది. రోజూ గాజుపళ్ళేల ముందు కూచుని ఒకదాని తర్వాత ఒకటి వేసి చూసింది. కొన్నిటికి పెరుగుదల కాస్త తగ్గినట్టే ఉండేది, మర్నాటికి మళ్ళీ మామూలే. ఇంకొక్కటి చూద్దాం అనుకునేది. ఇంకొక్కటి.

ఆ రోజుల్లోనే సింహాచలం వచ్చాడు. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. గోదాము మంటల్లో గుండె, వీపు కాలితే మొత్తం కుదురే వేశారు.

"ఊపిరి అడుగుదాకా దిగతలేదు మేడమ్," అన్నాడు నవ్వుతూనే. "ఎవులో బిగ్గిరిగా కౌగిలించుకుని వదల్నట్టుంది."

శర్మిష్ఠ అతని గుండె మీద చేయి వేసింది. పక్కటెముకలు కదలడం లేదు. కంచు పళ్ళెం మీద చేయి వేసినట్టుంది. ఆ క్షణంలోనే మస్తాన్‌ని పిలవాల్సింది.

"వచ్చేవారం రండి. ఒక కొత్త మందు చూస్తున్నాను," అంది.

అతను నమస్కారం పెట్టి, మెట్ల మీద రెండుసార్లు ఆగి, వెళ్ళిపోయాడు. ఆ వారం తిరక్కుండానే పోయాడు. మంచం మీద కూచున్నవాడు కూచున్నట్టే, నోరు తెరిచి గాలి కోసం చూస్తూ పోయాడని అతని భార్య చెప్పింది.

మస్తాన్ ప్రయోగశాలలోకి వచ్చి, ఒక స్టీలు గిన్నె శర్మిష్ఠ ముందు పెట్టాడు. శవపరీక్షలో తీసిన చర్మం ముక్క. దాన్ని పట్టకారుతో ఎత్తి బల్ల మీదికి వదిలాడు. టక్కుమని చప్పుడైంది.

"చర్మం ఇలా చప్పుడు చేస్తుందాండీ?" అన్నాడు.

శర్మిష్ఠ చూపు తిప్పుకుంది.

"మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి. నెమ్మది చేసే మందు కోసం చూస్తున్నాను డాక్టర్‌గారూ. దొరికేది. ఇంకొన్నాళ్ళు టైముంటే..."

"ఆయనకి టైము లేదు కదండీ! మీ దగ్గరికే వచ్చాడంట గదా. మీరు గుండె మీద చెయ్యి వేసి చూశారంట. వాళ్ళావిడ చెప్పింది." మస్తాన్ గిన్నెని పక్కకి తోశాడు. "గొళ్ళెం మన చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు తియ్యలేదు? పేరు పోతుందనా?"

"అది మా పాప," అంది శర్మిష్ఠ.

మస్తాన్‌కి అర్థం కాలేదు. ఆవిడ మొత్తం చెప్పింది. కాన్పు, గోరంత ముక్క, గాజుపళ్ళెం. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. మస్తాన్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆవిడ కేసి జాలిగా చూశాడు. ఆ చూపులో జాలి ఉన్నా, మాటలో మాత్రం లేదు.

"నాకూ పిల్లలున్నారు. మీ బాధ నాకు తెలీదని అనను. కానీ ఆయన ఊపిరాడక చచ్చిపోయాడండీ. అందరినీ పిలిపిస్తున్నాను. ఛాతీ, మెడ ఉన్నవాళ్ళు ముందు. ఎవరి చర్మమో వాళ్ళకి చెప్పాలి. మీరే చెప్పాలి."

శర్మిష్ఠ ముందు త్రినాథ్‌కి చెప్పడానికి పోర్టుకి వెళ్ళింది. అతను టగ్గు దిగి, చేతులకి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. ఆవిడ చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అయితే నేను పూడ్చిపెట్టింది మొత్తం కాదన్నమాట."

"కాదు."

"ఇన్నేళ్ళూ పెరుగుతానే ఉందా?"

"పెరుగుతూనే ఉంది."

"నువ్వు రోజూ చూస్తున్నావు. ముట్టుకుంటున్నావు." అతను గుడ్డని నీళ్ళలోకి విసిరేశాడు. "ఇంటికొచ్చి నా పక్కన కూచుని అన్నం తింటున్నావు. నేనూ కన్నవాణ్ణే గదా శర్మీ. నాకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

చెబితే అతను వద్దంటాడని భయపడిందా, పంచుకోవడం ఇష్టం లేకపోయిందా? రెండోదే నిజమని ఆ జెట్టీ మీద నిలబడే తెలుసుకుంది. ఆ మాట పైకి అనలేకపోయింది.

"ఎప్పుడు చంపుతున్నారు?" అన్నాడతను.

"రేపు మొదలుపెడతాం."

"ఒక్కసారి చూస్తాను. వాళ్ళు ఒప్పుకుంటేనే."

మర్నాడు మొదటి మంచం నూకరత్నానిదే. మెడ చుట్టూ చర్మం బిగిసి, తల పక్కకి తిప్పలేకపోతోంది. వేళ్ళు సగం మడతలో ఆగిపోయాయి. పక్కన లిఖిత, మూలగా మస్తాన్ ఉన్నారు. శర్మిష్ఠ ఏదీ దాచకుండా చెప్పింది. మందు ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పింది. ఎక్కించకపోతే ఏమవుతుందో చెప్పింది. ఎండాకాలంలోనే తనకి తెలుసని చెప్పింది. చివరికి అది ఎవరి చర్మమో చెప్పింది.

నూకరత్నం పైకప్పుకేసి చూసింది.

"ఆవేళే అడిగినాను గదా, ఎవుల్దని," అంది. "సెప్పుంటే నానేటి వద్దంటానా? దండం పెట్టుకుని ఏయించుకుందును. నా సేతులు పట్టుకుని గంటలు గంటలు కూసుంటే, ఈ మేడమ్‌కి నానంటే ఎంత పేమో అనుకున్నాను. మా ఇంటికాడ అందరికీ సెప్పుకున్నాను."

"నూకరత్నం..."

"పెనం మీద సెయ్యి కాలినప్పుడు కూడా వచ్చినాను. అప్పుడైనా సెప్పలేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ త్రినాథ్ లోపలికి రాబోయి ఆగిపోయాడు. నూకరత్నం కళ్ళు మాత్రం తిప్పి చూసింది.

"ఆ బాబు ఎవులు?"

"పాప నాన్నండీ," అన్నాడు మస్తాన్. "వీలైతే ఒక్కసారి... మీ చెయ్యి చూస్తానంటున్నారు. మీకిష్టం లేకపోతే వద్దు."

నూకరత్నం కుడిచేతిని దుప్పటి మీద కొద్దిగా ముందుకి జరిపింది. త్రినాథ్ మంచం పక్కన నేల మీద కూచుని, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఓడ మోకులు లాగి లాగి కాయలు కాసిన చేతులవి. అయినా వాటి మధ్య ఉన్న చేయి అంతకన్నా గట్టిగా ఉంది. చూడ్డానికి మాత్రం అప్పుడే పుట్టిన పిల్ల చర్మంలా ఉంది. అతను బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"తెలుస్తోందా అమ్మా?" అన్నాడు.

"నేదు బాబూ. ఏటీ తెలస్తలేదు."

"నాకూ అంతే," అన్నాడు త్రినాథ్.

అలా కొంతసేపు కూచుని, ఆ చేతిని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టేసి లేచాడు. శర్మిష్ఠ పక్కనుంచే బయటికి వెళ్ళాడు గానీ, ఆవిడ కేసి చూడలేదు.

సూది గుచ్చడానికి నర్సు మోకాలి కింద కాలని చోట నరం వెతుకుతుంటే, శర్మిష్ఠ సాయం చేయబోయి చేయి చాచింది.

"మీరు వద్దు," అంది నూకరత్నం. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. "ఆ బాబు పట్టుకుంటే పట్టుకోనిచ్చినాను. మీరు మాత్రం ఇంక నన్ను ముట్టుకోకండి."

సూది నర్సే గుచ్చింది. సీసా తగిలించింది మస్తాన్. గొట్టం మీది చిన్న చక్రం తిప్పే పని మాత్రం అతను చేయలేదు. శర్మిష్ఠ కేసి చూసి పక్కకి జరిగాడు. ఆవిడ మనిషికి తగలకుండా, గొట్టం ఒక్కటే పట్టుకుని చక్రం తిప్పింది. మందు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. నూకరత్నం లిఖిత ముఖం కేసి చూస్తూ పడుకుంది.

కొద్ది రోజుల్లోనే ఆ గులాబీ రంగు బూడిద రంగుకి తిరిగింది. తర్వాత నల్లబడి, అంచుల నుంచి లేవడం మొదలుపెట్టింది. వార్డులో మంచం మంచానికీ అదే. కేకలు ఆసుపత్రి గేటు దాకా వినిపించేవి. సింహాచలం కాక మరో ఇద్దరు పోయారు, వాళ్ళకి మందు ఆలస్యంగా అందింది. మిగిలినవాళ్ళంతా బతికారు. ప్రయోగశాలలో గాజుపళ్ళేలన్నీ, గడ్డకట్టించి దాచిన సీసాలన్నీ శర్మిష్ఠే దగ్గరుండి బట్టీలో వేయించింది. ఒక్కటి ఉంచుకోవచ్చా అని త్రినాథ్ అడగలేదు. తెచ్చుకుందేమోనన్నట్టు ఒకసారి ఆవిడ సంచీ కేసి చూశాడు, అంతే. మర్నాటి నుంచి పోర్టు గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

విచారణ కమిటీ ముందు ఆవిడ ఏదీ కాదనలేదు. ఉద్యోగం పోయింది. అయినా గాయాలకి కట్లు మార్చే పూటల్లో ఆసుపత్రికి వచ్చేది. మస్తాన్ రావద్దని చెప్పలేకపోయాడు. కట్టుగుడ్డ, దూది, మందునీళ్ళు సర్దిన ట్రే తెచ్చి వార్డు గుమ్మం దగ్గర నర్సుకి అందించి, గోడ పక్కన నిలబడేది. లోపల నూకరత్నం చేతుల మీద, తొడ నుంచి గీసిన పల్చటి చర్మం అక్కడక్కడా అంటుకుంటోంది, అక్కడక్కడా ఊడిపోతోంది. కట్టు విప్పేటప్పుడు ఆమె పళ్ళు బిగబట్టిన చప్పుడు బయటికి వినిపించేది.

ఒక పూట తలుపు తోసుకుని లిఖిత బయటికి వచ్చింది. శర్మిష్ఠ ముందు నిలబడి, నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు అంది.

"మీరు ఇక్కడ నిలబడతన్నారని మా అమ్మకి తెలుసంట. ఎల్లిపొమ్మంటంది. మళ్ళీ రావద్దంటంది."

శర్మిష్ఠ ట్రేని ఆ పిల్లకి అందించబోయి, తన వేళ్ళు ఆ పిల్ల వేళ్ళకి తగులుతాయని ఆగిపోయింది. ట్రేని బెంచీ మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.